20×60 స్థలంలో ఇల్లు: పొడవాటి నడవా లేకుండా గదులు కుదురుతాయా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. హనుమకొండలో మాకు తూర్పు ముఖంగా 133 గజాల స్థలం ఉంది. రోడ్డు వైపు వెడల్పు 20 అడుగులు, లోపలికి పొడవు 60 అడుగులు, ముందున్నది 30 అడుగుల రోడ్డు. ఉత్తరం పక్కన రెండంతస్తుల ఇల్లు ఇప్పటికే ఉంది. దక్షిణం పక్క స్థలం ప్రస్తుతం ఖాళీగానే ఉన్నా అక్కడా నేడో రేపో ఇల్లు లేవడం ఖాయం. పడమట వెనుక వీధివారి ఇల్లు ఉంది. ఇంట్లో మేము ఆరుగురం: మా అమ్మానాన్నలు, మేమిద్దరం, హైస్కూల్లో చదువుతున్న అమ్మాయి, అబ్బాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల పెద్దవాళ్ల పడకగది, దానికి ఆనుకుని స్నానాలగది కింది అంతస్తులోనే ఉండాలి. పిల్లలకు పైన చెరొక గది ఇవ్వాలని, ఒక చిన్న కారు, రెండు స్కూటర్లు గేటు లోపలే నిలిచేలా చూడాలని అనుకుంటున్నాము.

మాకు తెలిసిన మేస్త్రీ ఒక ప్లాను గీసి ఇచ్చారు. అందులో ముందు పోర్టికో, దాని వెనుక హాలు ఉన్నాయి. హాలు దాటాక ఉత్తరపు గోడ వెంట మూడడుగుల నడవా ఇంటి చివరిదాకా పోతుంది, దక్షిణం వైపు వరసగా పడకగది, వంటగది, మళ్లీ పడకగది వస్తాయి. మెట్లను ఇంటి బయట ఉత్తరం సందులోంచి పైకి తీసుకెళ్లారు. తర్వాతెప్పుడైనా పై పోర్షను అద్దెకు ఇవ్వాలంటే బయటి మెట్లే మేలని ఆయన అభిప్రాయం. కాగితం మీద అన్నీ ఉన్నట్టే కనిపిస్తున్నాయి గాని, మా బంధువుల ఇల్లు ఒకటి అచ్చం ఇలాగే ఉంటుంది, అక్కడ మధ్య గదుల్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవలసి వస్తోంది.

నడవా లేకుండా, లేదా చాలా తగ్గించి, ఇంత సన్నటి స్థలంలో గదులు అమర్చడం సాధ్యమేనా? మెట్లు లోపల పెట్టాలా, బయట పెట్టాలా? ఇంటి నడిమికి వెలుతురు ఎలా తేవాలి? వాస్తును మా నాన్నగారు గట్టిగా పట్టించుకుంటారు, కాబట్టి ఆ కోణంలో చెప్పగలిగినవారు కూడా దయచేసి స్పందించగలరు.


జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు, కరీంనగర్)

ముందుగా మీ చేతిలో నిజంగా ఎంత వెడల్పు ఉందో లెక్క చూద్దాం, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ ఆ ఒక్క కొలత మీదే ఆధారపడతాయి. మీ స్థలం 1200 చదరపు అడుగులు, అంటే దాదాపు 111 చదరపు మీటర్లు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. తర్వాత సవరణలు వస్తూ ఉన్నాయి కనుక దరఖాస్తు పెట్టే ముందు టౌన్ ప్లానింగ్ విభాగంలో ఒకసారి సరిచూసుకోండి. పొడవు వెడల్పుకు నాలుగింతలు ఉన్న సన్నటి స్థలాలకు పక్క సెట్‌బ్యాకును (హద్దు నుంచి వదలవలసిన ఖాళీని) ముందుకో వెనక్కో సర్దుకునే వెసులుబాటు అందులో ఉందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. మీ స్థలం మూడింతలే, కాబట్టి అది మీకు వర్తించదు. వర్తించినా పక్కన మీటరు తప్పనిసరే గనుక మీకు కలిసొచ్చేది ఏమీ ఉండదు.

ఇరవై అడుగుల్లో రెండు పక్కలా మూడడుగుల మూడంగుళాల పైచిలుకు పోతే గోడల బయటి కొలత 13 అడుగుల 5 అంగుళాలు. తొమ్మిదంగుళాల గోడలు రెండూ పోగా లోపల మిగిలేది సుమారు 12 అడుగులు, ప్లాస్టరింగు అయ్యాక ఇంకో రెండంగుళాలు తగ్గుతుంది. ఆ 12 అడుగుల్లో మూడడుగుల నడవా, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ తీసేస్తే ప్రతి గదికీ ఎనిమిదిన్నర అడుగుల వెడల్పే దక్కుతుంది. ఆరున్నర అడుగుల మంచాన్ని అడ్డంగా వేస్తే కాళ్ల దగ్గర రెండడుగులు మిగులుతుంది, అక్కడ బీరువా తలుపు తెరవడం కూడా కష్టం. పైగా హాలు పోను నడవా పొడవు 27 అడుగులు దాటుతోంది. అది 83 చదరపు అడుగులు, అంటే తొమ్మిది గజాలకు పైగా స్థలం మనుషులు అటూ ఇటూ నడవడానికే పోతుంది. గాలి మాట వేరే చెప్పనక్కరలేదు. గదులన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నందున ప్రతి గదికీ కిటికీ ఒక్క దక్షిణం వైపే వస్తుంది, రేపు అక్కడ ఇల్లు లేచాక ఆ కిటికీ ఎదురుగోడను చూస్తుంది. మీ బంధువుల ఇంట్లో మధ్య గదులు చీకటిగా ఉండడానికి కారణం ఇదే.

అందుకని నా సలహా ఏమిటంటే, ఆ 12 అడుగుల వెడల్పును వీలైనంత వరకు చీల్చకండి. ఇంటిని పొడవునా ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కకూ పూర్తి వెడల్పు ఇవ్వండి. చీల్చక తప్పని చోట, చాలా కొద్ది దూరం మాత్రమే చీల్చండి. అలా చేస్తే ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ కూడా కిటికీలు దొరికి, ఒకవైపు ఇల్లు లేచినా రెండోవైపు గాలి ఆడుతుంది. పొడి వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో పదో వంతు, ఉక్కపోత ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీల ఖాళీ ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. మన దగ్గర ఎండాకాలపు వడగాలీ, వానాకాలపు ఉక్కా రెండూ ఉన్నాయి కాబట్టి ఆరో వంతుకు దగ్గరగా వెళ్లడమే మంచిది.

కింది అంతస్తు నేను ఇలా ఊహిస్తున్నాను. ముందు వదిలే అయిదడుగులకు మరో 11 అడుగుల పోర్టికో కలిపితే 16 అడుగులు వస్తుంది, నాలుగు మీటర్ల లోపు కారుకు అది సరిపోతుంది. వెనుక సెట్‌బ్యాకు, పోర్టికో, ముందు వెనుక గోడలు తీసేయగా లోపలి పొడవు 39 అడుగుల 3 అంగుళాలు. అందులో ముందు హాలు 10 అడుగుల 6 అంగుళాలు, తర్వాత దక్షిణపు గోడకు ఆనుకుని రెండు వరుసల మెట్లు ఉండే 10 అడుగుల భాగం, ఆ తర్వాత 7 అడుగుల పొడవున ఉత్తరం వైపు వంటగది, దక్షిణం వైపు మూడడుగుల నడవా, చివరన 11 అడుగుల పడకగది వస్తాయి. రెండు అడ్డుగోడలు కలిపితే కొలత సరిగ్గా కుదురుతుంది. అంటే నడవా ఏడడుగులే, 21 చదరపు అడుగులే. వంటగది 8 అడుగుల 7 అంగుళాలు × 7 అడుగులు వస్తుంది, అది నియమావళి కోరే 5 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువే. పడకగది వాయవ్య మూలలో 7×4 అడుగుల స్నానాలగది తీస్తే, మంచం వేసుకునే చోటు 11 అడుగులు × 7 అడుగుల 7 అంగుళాలు, దానికి తోడు బీరువాకు ఈశాన్య భాగంలో ఒక మూల మిగులుతాయి.

బయటి మెట్ల సంగతి. సందులో మెట్లు కట్టడం సెట్‌బ్యాకును ఆక్రమించడమే. తప్పనిసరిగా వదలవలసిన ఆ ఖాళీలోకి 60 సెంటీమీటర్లకు మించని సన్‌షేడ్లు తప్ప మరేమీ రాకూడదు. 2020 నాటి టీఎస్-బీపాస్ (తెలంగాణ భవన అనుమతుల) చట్టం కింద మీవంటి చిన్న స్థలాలకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది గాని, ఇచ్చిన మాటకు విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. కాబట్టి మెట్లు గోడల లోపలికే రావాలి.


జవాబు (గృహిణి, విజయవాడ)

మీ ప్రశ్న చదవగానే మా ఇల్లే గుర్తొచ్చిందండీ. మా ఇల్లు మీకంటే రెండడుగులు సన్నం, రైలుపెట్టెలాగే ఉంటుంది. ఇంజినీరు గారు చెప్పినట్టు నడవా తగ్గించడం నూటికి నూరుపాళ్లు సరైనదే. అయితే ఆయన ప్లానులో నాకు ఒక ఇబ్బంది కనిపిస్తోంది. రెండు వరుసల మెట్లకు ఆరున్నర అడుగులు పోతే పక్కన మిగిలేది అయిదున్నర అడుగులే గదా, ఆ దారిలోంచే వంటింటికీ, వెనుక గదికీ వెళ్లాలి. అక్కడ భోజనాల బల్ల వేసి, ఇద్దరు కూర్చుని తింటూ ఉంటే, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు వాళ్లను దాటుకుని గదిలోకి ఎలా వెళ్తారు? బల్లను హాల్లో వేద్దామంటే పదిన్నర అడుగుల హాల్లో సోఫాకూ బల్లకూ కలిపి చోటు చాలదు.

ప్లానులో ఎవరూ గీయని వస్తువులు కొన్ని ఉంటాయి, వాటికి ఇప్పుడే చోటు చెప్పకపోతే గృహప్రవేశం అయిన వారానికే అవి దారికి అడ్డం వస్తాయి. వాషింగ్ మిషను, తడి గ్రైండరు, రెండో గ్యాస్ సిలిండరు, ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, ఇన్వర్టరు బ్యాటరీ, పిల్లల సైకిళ్లు, ఇస్త్రీకి పోయే బట్టల మూట, చీపుళ్లు. మా ఇంట్లో వీటిలో సగం మెట్ల కిందే ఉంటాయి. వంటింటికి ఉత్తరం వైపు ఒక తలుపు పెట్టించి ఆ సందులో గిన్నెలు తోముకునే గట్టు ఏర్పాటు చేసుకోండి. మూడడుగుల సందు కూర్చుని తోమడానికి చాలదు గాని నిలబడి తోముకునే సింకుకు సరిపోతుంది.

కిటికీల విషయంలో ఇంకో మాట. సందులోకి తెరుచుకునే రెక్కల కిటికీలు పెట్టించకండి, రెక్క తెరిస్తే సందులో మనిషి నడవలేడు. పక్కకు జరిగే కిటికీలు, అందులోనే దోమతెర ఉన్నవి మేలు. ఉత్తరం పక్కవారి కిటికీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే కొలిచి, మీవి వాటికి ఎదురుగా రాకుండా అటో ఇటో జరపండి. లేకపోతే రెండు ఇళ్లవాళ్లూ ఎప్పుడూ పరదాలు వేసుకునే ఉంటారు, అంత ఖర్చు పెట్టి పెట్టించిన కిటికీ గోడతో సమానం అవుతుంది. ఏసీ బయటి యూనిట్లను కూడా ఆ సందులో బిగించవద్దు. వేడిగాలి బయటికి పోయే దారిలేక అక్కడే తిరిగి మన కిటికీలోంచే లోపలికి వస్తుంది. వాటిని మేడ మీద గాని, ముందు వైపు గాని పెట్టించండి.

అతిథులకు వేరే మరుగుదొడ్డి కింద ఎక్కడ వస్తుందో కూడా ఇంజినీరు గారు చెబితే బాగుంటుంది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని పెద్దవాళ్ల పడకగదిలోంచి పంపించడం నాకైతే మనసొప్పదు.


జవాబు (వాస్తు అభ్యాసి, ఖమ్మం)

తూర్పు ముఖపు సన్నని స్థలంలో వాస్తుకు, వాడకానికి మధ్య పేచీ వచ్చేది రెండు చోట్ల: వంటగది దగ్గర, మెట్ల దగ్గర. ఆగ్నేయంలో వంటగది శ్రేష్ఠం. కాని మీ స్థలంలో ఆగ్నేయం అంటే రోడ్డు పక్కన, కారు నిలిపే చోటు. అక్కడ వంటగది పెడితే హాలు సగానికి సగం అవుతుంది, కారుకు చోటు ఉండదు. అటువంటప్పుడు రెండో స్థానంగా వాయవ్యాన్ని పెద్దలు అంగీకరించారు. ఇంజినీరు గారు చూపిన వంటగది కేవలం కింది గోడల లెక్కన చూస్తే నడిమి ఉత్తరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే పోర్టికో మీద పై అంతస్తు గది వస్తోంది కనుక, పోర్టికోను కూడా ఇంటి శరీరంలో భాగంగానే లెక్కించాలి. అప్పుడు మొత్తం పొడవు 51 అడుగుల 9 అంగుళాలు, పడమటి మూడో భాగం ముందు నుంచి 34 అడుగుల 6 అంగుళాల దగ్గర మొదలవుతుంది, వంటగదిలో చాలా భాగం వాయవ్యంలోకే వస్తుంది. గట్టును తూర్పు గోడకు కట్టించుకుంటే వండేవారు తూర్పు ముఖంగా నిలబడతారు. మీ నాన్నగారికి ఇందులో అభ్యంతరం ఉండకూడదు. పెద్దల పడకగది నైరుతిని కలుపుకుని ఉండడం, స్నానాలగది వాయవ్యంలో ఉండడం కూడా సవ్యంగానే ఉన్నాయి.

మెట్ల విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. 81 పదాల (గడుల) వాస్తు మండలంలో నడిమి తొమ్మిది పదాలు బ్రహ్మస్థానం. పొడవునూ వెడల్పునూ మూడేసి భాగాలు చేస్తే మధ్యలో వచ్చే గడి అది. అక్కడ బరువు గాని, మెట్లు గాని, మరుగుదొడ్డి గాని ఉండరాదు. మీ ఇంటి వెడల్పు 13 అడుగుల 5 అంగుళాలు కాబట్టి దక్షిణపు మూడో భాగం సుమారు నాలుగున్నర అడుగులు. గోడతో కలిపి ఏడడుగులకు పైగా ఆక్రమించే రెండు వరుసల మెట్లు బ్రహ్మస్థానంలోకి రెండున్నర అడుగులకు పైగా చొచ్చుకు వస్తాయి. అదే ఒకే వరుసలో, మూడడుగుల మూడంగుళాల వెడల్పుతో, దక్షిణపు గోడ వెంట సాగే మెట్లు అయితే గోడతో కలిపి నాలుగడుగులే తీసుకుంటాయి, బ్రహ్మస్థానం తాకకుండా ఉంటుంది. మెట్లు తూర్పు నుంచి పడమరకు ఎక్కేలా ఉండడం కూడా ఆమోదయోగ్యమే. మన పాత మండువా లోగిళ్లలో ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా వదిలిన చోటు ఇదే. మీకు అంత జాగా లేకపోయినా, కనీసం నడిమి భాగాన్ని బల్లా కుర్చీలకు మించిన బరువు లేకుండా ఉంచుకోవచ్చు.


జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు, కరీంనగర్)

వాస్తు సంగతి నా పరిధి కాదు గాని, ఖమ్మం పెద్దమనిషి సూచించిన ఒకే వరుస మెట్లు విజయవాడ అమ్మగారి భోజనాల బల్ల సమస్యను కూడా తీరుస్తాయి, కాబట్టి కొలతలు వేసి చూశాను. అంతస్తు ఎత్తు 10 అడుగులు అనుకుంటే, ఒక్కో మెట్టు ఏడంగుళాల పైన కొద్దిగా ఎత్తుతో 17 ఎత్తులు వస్తాయి. నియమావళి ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు మించకూడదు, అడుగు పెట్టే వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఈ రెండూ ఇక్కడ నెరవేరుతున్నాయి. 17 ఎత్తులకు 16 పాదాలు (అడుగు పెట్టే చోట్లు), ఒక్కొక్కటి పదంగుళాలు, మొత్తం 13 అడుగుల 4 అంగుళాలు. ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఒక మూడడుగుల చదును ఇస్తే 16 అడుగుల 4 అంగుళాలు. హాలు, భోజనాల చోటు మధ్య గోడ లేకుండా కలిపేస్తే ఆ భాగం పొడవు ఇరవైన్నర అడుగులు గనుక, ముందు గోడ నుంచి నాలుగడుగులు వదిలి మొదటి మెట్టు మొదలుపెట్టవచ్చు.

దీనివల్ల పోయేది ఒక్కటే, హాలు వెడల్పు మెట్ల పక్కన 8 అడుగుల 9 అంగుళాలకు తగ్గుతుంది. అయితే నేను మొదట కాదన్న పడకగది వెడల్పూ దాదాపు ఇంతే గదా అని మీకు అనిపించవచ్చు. మూసిన గదిలో ఎనిమిదిన్నర అడుగులు ఇరుకు. ఇరవై అడుగుల పొడవున అడ్డుగోడ లేకుండా, పక్కన మెట్ల ఖాళీ పైకప్పు దాకా తెరుచుకుని ఉన్నచోట అదే వెడల్పు ఇరుకుగా తోచదు. సోఫాను ఉత్తరపు గోడకు, టీవీని మెట్ల పక్క గోడకు పెట్టుకుంటే, సోఫా పోను ఎదురుగా దాదాపు ఆరడుగులు ఉంటుంది. మెట్లు ఎత్తుగా ఉండే పడమటి భాగం కింద అల్మరాలు చేయించుకుంటే సిలిండరు తప్ప, బియ్యం బస్తాలు, ఇన్వర్టరుతో సహా మిగతావన్నీ అందులోకి వెళతాయి. సిలిండర్లు మాత్రం బయట సందులోనే ఉంచి పైపు లోపలికి తీసుకోండి.

వెలుతురు కూడా ఈ మెట్ల మీది నుంచే తేవాలి. మెట్ల ఖాళీ మీద నేరుగా అద్దం పరిస్తే ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు కాలిపోతుంది. అందుకు బదులు ఆ భాగంలో మేడ స్లాబును మిగతా స్లాబు కంటే మూడడుగులు ఎత్తి, ఆ మూడడుగుల గోడలో ఉత్తరం వైపు వరసగా వెంటిలేటర్లు పెట్టండి. వేడెక్కిన గాలి వాటిలోంచి పైకి పోతుంటే కింది కిటికీల్లోంచి చల్లగాలి లోపలికి లాగబడుతుంది. ఉత్తరం కాబట్టి ఎండ పడదని పూర్తిగా నిశ్చింతగా ఉండవద్దు. హనుమకొండ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. వెంటిలేటర్ల మీద అడుగున్నర సన్‌షేడ్ ఇస్తే ఆ ఎండ కూడా ఆగుతుంది. పై అంతస్తు పడమటి గదికి అసలు ఎండ దెబ్బ ఎక్కువ, కనుక అక్కడి పడమటి గోడను బీరువాలకు, స్నానాలగదికి వదిలి కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టుకోండి.

పిల్లర్లు రెండు వరుసల్లో అయిదేసి చొప్పున పది చాలు. వెడల్పులో మధ్యన పిల్లరు అక్కరలేదు, 13 అడుగుల దూరాన్ని ఒకే దూలం దాటుతుంది. 9×12 అంగుళాల పిల్లరు అయితే పొడవైన ముఖం గోడ వెంట ఉండేలా చూడండి, లేకపోతే గదిలోకి మూలలు పొడుచుకు వస్తాయి. పునాది గుంత అయిదడుగుల చదరం అనుకున్నా హద్దు దాటదు. అయితే ఉత్తరం ఇంటి పునాది ఎంత లోతులో ఉందో తెలుసుకోకుండా దాని పక్కన అంతకంటే లోతుగా తవ్వకండి. నల్లరేగడి తగిలితే లోతు, ఇనుము రెండూ మారతాయి కాబట్టి మట్టి పరీక్ష చేయించాకే స్ట్రక్చరల్ డ్రాయింగు తీసుకోండి.

విజయవాడ అమ్మగారి ఆఖరి ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. హాలును చీల్చకుండా అతిథులకు వేరే మరుగుదొడ్డి కింద పెట్టడానికి నాకు చోటు దొరకలేదు. మెట్ల మీదుగా పై అంతస్తు మధ్య భాగంలో ఒకటి పెట్టవచ్చు, చుట్టాలు దాన్నే వాడుకోవాలి.


ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఈ కొలతలు నాన్నగారికి చూపించాను. వంటగది వాయవ్యంలోకి వచ్చే లెక్కకు, దక్షిణపు గోడ వెంట మెట్లకు ఆయన ఒప్పుకున్నారు. మేస్త్రీ మాత్రం హాల్లోంచి మెట్లు ఉంటే పై పోర్షను అద్దెకు పోదని ఇంకా పట్టుబడుతున్నారు. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక పై అంతస్తు ఖాళీగా ఉంటుంది గనుక ఆయన మాటనూ నేను కొట్టిపారేయలేకపోతున్నాను. మొదటి మెట్టు ముందు గోడకు నాలుగడుగుల దూరంలోనే ఉంది కాబట్టి, అక్కడ పోర్టికోలోకి రెండో తలుపు పెట్టి, మెట్ల పక్కన అడ్డుగోడ కడితే పైవాళ్లు వేరుగా వెళ్లవచ్చు గదా?


జవాబు (వాస్తు అభ్యాసి, ఖమ్మం)

ఆ తలుపు తూర్పు ఆగ్నేయంలో పడుతుంది. అక్కడ ద్వారం నేను సూచించను. మీ ప్రధాన ద్వారం తూర్పు ఈశాన్యంలో ఉంది, అది మంచిది. అద్దెవారిని కూడా ఆ ద్వారం లోంచే రానిచ్చి, లోపల నాలుగడుగుల వసారా వంటిది ఏర్పరచి, అక్కడి నుంచి కుడిచేతి తలుపు మీ హాల్లోకి, ఎడమచేతి దారి మెట్లకు వెళ్లేలా చేసుకోండి.


జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు, కరీంనగర్)

రెండు విధాలా చేయవచ్చు, ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. మెట్ల ఎదుటి తూర్పు గోడలో మూడడుగుల తలుపుకు సరిపడా లింటెల్ (తలుపు పైన గోడ బరువు మోసే అడ్డదూలం) వేయించి, దాని కింద మామూలు ఇటుక గోడ కట్టించి ప్లాస్టరింగు చేయించండి. పదేళ్ల తర్వాత తలుపు కావాలనుకుంటే స్లాబుకు, దూలానికి దెబ్బ తగలకుండా ఆ ఇటుకలు తీసేయవచ్చు. వద్దనుకుంటే వసారా పద్ధతిలో జిప్సం బోర్డు అడ్డం పెట్టుకోవచ్చు. ఆ చోట గోడలోపల నుంచి కరెంటు పైపులు, నీళ్ల పైపులు వెళ్లకుండా మాత్రం ఎలక్ట్రీషియనుకూ ప్లంబరుకూ ముందే చెప్పండి. పై అంతస్తుకు వేరే కరెంటు మీటరు వైరింగు, వేరే నీళ్ల లైను ఇప్పుడే పెట్టించుకుంటే ఆ రోజు గోడలు పగలగొట్టే పని ఉండదు. పై అంతస్తులో వంటగట్టుకు నీళ్లు, డ్రైనేజీ పాయింట్లు కింది వంటగది మీదికి వచ్చేలా ఇప్పుడే వదలండి.


జవాబు (గృహిణి, విజయవాడ)

చుట్టాల మరుగుదొడ్డికి ఒక ఆలోచనండీ. పెద్దవాళ్ల స్నానాలగది వంటింటి పడమటి గోడకు ఆనుకుని వచ్చేలా మార్చి, వంటింటి ఉత్తరపు తలుపు బయటి సందులోంచి దానికి రెండో తలుపు పెట్టుకోవచ్చు. చుట్టాలు పడకగదిలోకి వెళ్లకుండా బయట నుంచి వస్తారు. బీరువా చోటు అప్పుడు వాయవ్యానికి జరుగుతుంది. రెండు తలుపులకూ లోపలి వైపు గొళ్లేలు ఉండాలి, లోపలికి వెళ్లినవాళ్లు రెండూ వేసుకోవాలి. మా అత్తగారింట్లో అలాగే ఉంది, ఒకటి వేసి రెండోది మరిచిపోయేవాళ్లు అప్పుడప్పుడూ ఉంటారు గాని, మొత్తం మీద పనికొస్తుంది.


జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు, కరీంనగర్)

అది కుదురుతుంది, మురుగు పైపు కూడా వంటగది పైపుకు దగ్గరగా వస్తుంది. స్నానాలగది నేల పడకగది నేల కంటే అంగుళం తక్కువగా ఉంచితే చాలు. మోకాళ్ల నొప్పులున్నవారికి అంతకంటే పెద్ద గడప పెట్టవద్దు.

ఇక పని మొదలుపెట్టే క్రమం గురించి ఒక విషయం. బోరు వేయించాలనుకుంటే పునాది తవ్వకముందే వేయించండి. ఈశాన్యంలో, ముందు సెట్‌బ్యాకులోనే వేసినా, పిల్లర్లు, ప్రహరీ లేచాక ఇరవై అడుగుల స్థలంలోకి రిగ్గు లారీ మలుపు తిరగలేదు. సంపు బోరు పక్కనే పోర్టికో ఈశాన్య మూలలో, సెప్టిక్ ట్యాంకు వెనుక వాయవ్యపు సందులో ఉంటే రెండింటి మధ్య సాధ్యమైనంత దూరం వస్తుంది. సందు మూడడుగులే గనుక ట్యాంకును సన్నగా, పొడవుగా కట్టించి, శుభ్రం చేసే మూతను ఉత్తరపు సందు మలుపు దగ్గర పెట్టించండి. ట్యాంకరు పైపు రోడ్డు నుంచి ఆ సందులోంచే నేరుగా అక్కడికి చేరుతుంది.